వంతెనకు కప్పు, కప్పుకు డబ్బు

మొన్న అక్టోబరులో నాన్నకు ఆకుల రంగులు చూపిద్దామని న్యూ హాంప్‌షైర్ తీసుకువెళ్ళాను. ఇక్కడి తెలుగువాళ్ళం దాదాపు అందరం చేసే పనే ఇది. అమ్మానాన్నలు వేసవిలో వస్తే నయాగరా, అక్టోబరు దాకా ఉంటే ఎర్రబారిన మేపుల్ చెట్లు. నాన్నకు పది నిమిషాల్లోనే చెట్లు మొహం మొత్తాయి. "మన మోదుగులు పూసినప్పుడు ఇంతకంటే ఎరుపు కదరా" అని తేల్చేశారు. కానీ కార్నిష్ అనే ఊరి దగ్గర, కనెక్టికట్ నది ఒడ్డున కారు ఆపినప్పుడు మాత్రం దిగి, మాటా పలుకూ లేకుండా నిలబడిపోయారు.

ఎదురుగా పొడవాటి చెక్క ఇల్లు. నదికి ఈ ఒడ్డున మొదలై ఆ ఒడ్డున ముగిసే ఇల్లు. రెండు వైపులా పలకల గోడలు, పైన రెండు వాలుల కప్పు, లోపల చీకటి. ఆ చీకట్లోంచి లైట్లు వేసుకుని ఒక కారు బయటికి వచ్చింది.

"వంతెనకు ఇల్లు కట్టారెందుకురా?" అన్నారు నాన్న.

ఇన్నేళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్నా నేను ఎప్పుడూ వేసుకోని ప్రశ్న. మంచు పడకుండా కాబోలు అన్నాను. రోడ్లు, కల్వర్టుల పనులు చూసి రిటైరైన మనిషి ఆయన. నావైపు జాలిగా చూసి, లోపలికి నడిచి, ఒక దూలం మీద అరచేయి ఆనించి, తల ఎత్తి పైకప్పు చూశారు. "మంచుకు కాదు. దూలాలు తడవకుండా. కప్పు పోతే మార్చుకోవచ్చు. దూలం పోతే వంతెనే పోతుంది."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట వెంట పడి తిరిగిన కొన్ని నెలల ఫలితం. తెలుగులో ఈ వస్తువుకు పేరున్నట్టు లేదు, మన దగ్గర ఇవి లేవు గనుక. నేను కప్పు వంతెన అంటాను. టీకప్పు గుర్తొస్తే క్షమించండి.

నాన్న చెప్పినదే 1805లో ఫిలడెల్ఫియాలో జరిగింది. టిమొతీ పామర్ అనే వంతెనల మేస్త్రీ స్కూల్‌కిల్ నది మీద పెద్ద చెక్క వంతెన కట్టాడు. అమెరికాలో మొదటి కప్పు వంతెనగా చెప్పుకునేది ఇదే. వంతెన కంపెనీ అధ్యక్షుడు, న్యాయమూర్తి రిచర్డ్ పీటర్స్ దానికి గోడలూ కప్పూ వేద్దామన్నాడు. పామర్ ఒప్పుకున్నాడు. కప్పు లేకుంటే చెక్క వంతెన పది పన్నెండేళ్ళకు మించి నిలవదని, కప్పితే ముప్పై నలభై ఏళ్ళయినా ఉంటుందని ఆయన లెక్క. తక్కువ చెప్పాడు. న్యూయార్క్ రాష్ట్రంలో 1825లో కట్టిన హైడ్ హాల్ వంతెన ఇంకా నిలిచే ఉంది.

చెక్కకు నీళ్ళు శత్రువు కాదు, తడిసి ఆరకపోవడం శత్రువు. తెడ్డూ పడవా నీళ్ళలోనే బతుకుతాయి. వంతెనకు మాత్రం ప్రాణం అతుకుల దగ్గర ఉంటుంది. ఒక దూలం చివర కూసంగా చెక్కి, ఇంకో దూలంలో తొలిచిన గాడిలోకి దించి, ఓక్ చీల కొట్టి బిగిస్తారు. వాన నీరు ఆ గాడిలోకి దిగితే ఎండ తగలదు, గాలి ఆడదు. ఏళ్ళ తరబడి తడిగానే ఉండి లోపలి నుంచి కుళ్ళుతుంది, బయటికి బాగానే కనిపిస్తుంది. కూసాలు కదిలిపోయాయని మనం మనుషుల గురించి అంటాం. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఒక పాత వంతెన కింద నిలబడి చూస్తే తెలుస్తుంది. కప్పు, గోడపలకలు, షింగిళ్ళు (కప్పు మీద పెంకుల్లా పరిచే పలుచని చెక్కముక్కలు) బరువు మోయవు. మోసేవాటికి గొడుగు పట్టడమే వాటి పని. మొత్తం కట్టడంలో అన్నిటికన్నా చవక భాగం అన్నిటికన్నా ఖరీదైన భాగాన్ని కాపాడుతుంది.

ఒకప్పుడు ఈ దేశంలో ఇలాంటివి పదివేలకు పైగా ఉండేవని అంచనా. ఇప్పుడు వెయ్యి కూడా లేవు. ఎక్కువ భాగం పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా, వెర్మాంట్‌లలో మిగిలాయి. వరదలు కొన్నిటిని తీసుకుపోయాయి. 1927 నవంబరు వరద ఒక్క వెర్మాంట్‌లోనే 1,285 వంతెనలను కూల్చింది, వాటిలో కప్పువి చాలా. ఇనుము, కాంక్రీటు వచ్చాక కొన్నిటిని మనుషులే తీసేశారు. మిగిలినవాటిని నిలబెట్టడానికి ప్రభుత్వం డబ్బు ఇవ్వాలా అన్నది ఇక్కడ ఎప్పుడూ చల్లారని తగాదా.

దాచడం ఎందుకు, నేను చాలాకాలం వద్దనే పక్షం. చదువు కోసం ఈ దేశం వచ్చింది 2007లో. ఆ ఆగస్టు 1న మినియాపొలిస్‌లో మిసిసిపీ నది మీద హైవే వంతెన సాయంత్రం రద్దీలో కూలి 13 మంది చనిపోయారు. విమానం ఎక్కబోతున్న కొడుకుకు ఇంట్లో అందరూ చెప్పిన జాగ్రత్త ఒక్కటే: అక్కడ వంతెనలు ఎక్కకు! (ఎక్కకుండా ఎలా తిరగాలో ఎవరూ చెప్పలేదు.) తర్వాత ఉద్యోగం, పన్నులు. ప్రతి వసంతంలో మంచు కరిగాక రోడ్డు మీద తేలే గుంతలు. అలాంటప్పుడు గుర్రబ్బండ్ల కాలపు చెక్క వంతెనలకు కేంద్ర ఖజానా నుంచి డబ్బిచ్చేవారని తెలిస్తే ఒళ్ళు మండదా? జనం రోజూ ఎక్కే వంతెనలకు లేని డబ్బు, ఫొటోలు తీసుకునే వంతెనలకు ఎక్కడిది?

ఆ ప్రశ్న ఇప్పటికీ తప్పు కాదు. కానీ దాని వెనక లెక్క వేయలేదు నేను. వేసి చూశాను.

1998లో రహదారుల మీద అమెరికా కాంగ్రెస్ చేసిన భారీ చట్టంలో ఒక చిన్న విభాగం ఉంది. వెర్మాంట్ సెనేటర్ జేమ్స్ జెఫర్డ్స్ పూనుకుని చేర్పించిన చారిత్రక కప్పు వంతెనల పరిరక్షణ పథకం అది. దేశం మొత్తానికి ఏటా కోటి డాలర్ల దాకా ఇవ్వవచ్చన్నారు. ఇవ్వవచ్చన్నది ఒకటి, చేతికి అందింది దానికంటే తక్కువ. ఈ తేడా మనకు కొత్త కాదు. 2005 చట్టం మళ్ళీ ఏటా కోటి చొప్పున 2009 వరకు పొడిగించింది. 2012లో వచ్చిన చట్టం చిన్న పథకాలను కుదించే ఊపులో దీన్ని వదిలేసింది. అప్పటి నుంచి కప్పు వంతెన కోసం అడిగే ఊరు ఎక్కువగా సైకిల్ బాటలతోనూ కాలిబాటలతోనూ ఒకే వరుసలో నిలబడాల్సి వచ్చింది.

దేశం మొత్తానికి కోటి డాలర్లు. ఒక మోస్తరు హైవే కూడలిని మళ్ళీ కట్టాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి. మినియాపొలిస్‌లో వంతెన కూలింది చెక్కకు డబ్బు మళ్ళినందువల్ల కాదు. ఉక్కు కడ్డీలను కలిపే పలకలు మొదట్లోనే ఉండవలసిన మందంలో లేవని దర్యాప్తులో తేలింది. కట్టి నలభై ఏళ్ళయింది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ హైవే వంతెననూ ఒక కప్పు వంతెననూ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదని నాకు తెలుసు. ఒకదాని మీద రోజుకు లక్షకు పైగా వాహనాలు, ఇంకోదాని మీద ఊరి కార్లు. కాబట్టి ఆ పోలికను ఇంతటితో వదిలేస్తాను.

జెఫర్డ్స్ పథకంలో నాకు నచ్చినది డబ్బెంత అన్నది కాదు, దానికి పెట్టిన షరతు. చెక్క భాగం పాడైతే దాని స్థానంలో చెక్కే పెట్టాలి, భద్రత దృష్ట్యా వీలుకాకపోతే తప్ప. ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ కాదు. ఊరికి అగ్నిమాపక యంత్రం వెళ్ళాలి, స్కూలు బస్సు వెళ్ళాలి. పాత వంతెన మోయలేదు. అప్పుడు ఇంజనీరుకు తోచే తేలిక ఉపాయం, రోడ్డు కింద ఉక్కు దూలాలు వేసేయడం. బరువంతా ఉక్కు మోస్తుంది, పక్కనున్న చెక్క చట్రం తన బరువు తాను మోసుకుంటూ నిలబడుతుంది. చాలా వంతెనలకు ఇలాగే చేశారు. చూడటానికి ఏ తేడా లేదు. కానీ అది ఇక వంతెన కాదు, ఉక్కు వంతెనకు తొడిగిన చెక్క చొక్కా. అలాంటిదానికి చరిత్ర పేరుతో డబ్బు అడగడం నాకు మనస్కరించదు. బరువు పరిమితి బోర్డు పెట్టి, బస్సుకు వేరే దారి చూపించడమే మేలు.

నిజంగా వంతెనగా ఉంచాలంటే చేతులు తెలిసిన వడ్రంగులు కావాలి. న్యూ హాంప్‌షైర్‌కు చెందిన మిల్టన్ గ్రేటన్ అనే ఆయన అంతరించిపోతున్న ఈ విద్యను పట్టుకుని నిలబెట్టాడు. 1969లో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్‌లో పాత పద్ధతిలో కొత్త కప్పు వంతెన కట్టి, ఎద్దులతో రాట్నం తిప్పించి నది మీదికి లాగించాడు. ఎద్దులైతే నెమ్మదిగా, కుదుపు లేకుండా లాగుతాయి. ఈ ముక్క చెప్పినప్పుడు నాన్న ముఖం వెలిగిపోయింది. ప్రభుత్వం ఇచ్చే డబ్బులో కొంత ఇలాంటి చేతులకు పని కల్పిస్తుంది. వంతెన కన్నా ముందు చచ్చిపోయేది ఆ పని. 2005లో కేంద్ర రహదారుల సంస్థ ఈ వంతెనల మరమ్మతుపై ఒక పెద్ద మార్గదర్శి ప్రచురించింది, వాటి కొలతలు బొమ్మలుగా గీయించే పనికి డబ్బిచ్చింది. పుస్తకం మంచిదే. దాన్ని చూసి ఉలి పట్టగలిగినవాడు ఉండాలి కదా.

ఇక ఎవరి వంతెన, ఎవరి డబ్బు? టెక్సస్‌లో పన్ను కట్టేవాడు వెర్మాంట్ వంతెనకు ఎందుకివ్వాలి? ఇక్కడ కార్నిష్ వంతెన కథ చెప్పాలి. అవతలి ఒడ్డున ఉన్నది వెర్మాంట్‌లోని విండ్సర్. 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ 9,000 డాలర్లకు కట్టిన వంతెన ఇది. అంతకు ముందున్న మూడూ పోయాక అదే చోట కట్టిన నాలుగోది. పొడవు దాదాపు 450 అడుగులు. 1943 దాకా సుంకం కట్టి దాటేవారు. గుమ్మం పైన బోర్డు ఇంకా ఉంది: గుర్రాలను నడిపించండి, లేదా రెండు డాలర్ల జరిమానా. పరుగు కుదుపుకు అతుకులు వదులవుతాయని. రెండు రాష్ట్రాల సరిహద్దు నది నడుమ అనుకుంటాం గదా, కాదు. 1933లో సుప్రీం కోర్టు వెర్మాంట్ వైపు నీటి అంచే సరిహద్దని తీర్పు చెప్పింది. అంటే నది మొత్తం, దాంతో దాదాపు వంతెన మొత్తం న్యూ హాంప్‌షైర్‌ది. 1989లో మరమ్మతు చేస్తే 44.5 లక్షల డాలర్లయింది. అటువైపువాళ్ళు సగం వాడుకుంటారు, భారం ఇటువైపు. నదులకు తెలియని గీతల మీద లెక్కలు కట్టడం మొదలుపెడితే ఎవరూ ఏ వంతెనకూ డబ్బివ్వరు.

కార్నిష్ వంతెనకు వెనక ఒక రాష్ట్రముంది. వెర్మాంట్‌లో చాలా కప్పు వంతెనలు చిన్న చిన్న ఊళ్ళ సొత్తు. ప్రతి మార్చి మొదటి మంగళవారం ఊరంతా హాల్లో కూర్చుని బడ్జెట్ మీద చేతులెత్తి ఓటు వేసే ఊళ్ళు. ఒక్క వంతెన మరమ్మతు అంచనా ఆ ఊరి రోడ్ల ఖర్చు మొత్తాన్ని మింగేస్తుంది. కేంద్ర పథకం ఖర్చులో 80 శాతం దాకా ఇచ్చేది, తక్కినది స్థానికంగా కూడబెట్టుకోవాలి. ఊరికి అదే పెద్ద మొత్తం.

పర్యాటకం వస్తుంది కాబట్టి డబ్బివ్వండి అనే వాదన చాలా మంది చేస్తారు. నాకది నచ్చదు. ఇండియానాలోని పార్క్ కౌంటీలో 31 కప్పు వంతెనలున్నాయి, అక్టోబరులో పది రోజుల పండుగ, ఇసుక వేస్తే రాలనంత జనం. సంతోషం. కానీ ఆదాయం చూపించి అడిగితే, ఆదాయం రాని వంతెన కూలిపోవాల్సిందేనని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. అయోవాలోని మ్యాడిసన్ కౌంటీలో సీడర్ వంతెనకు ఒక నవల, సినిమా వల్ల పేరొచ్చింది. 2002లో ఎవరో తగలబెట్టారు. 2004లో మళ్ళీ కట్టారు. 2017లో మళ్ళీ తగలబెట్టారు. 2019లో మళ్ళీ కట్టారు. ఆ ఊరివాళ్ళ పట్టుదలకు దండం. అయినా మూడోసారి కేంద్రాన్ని డబ్బడిగితే నేను వద్దనే అంటాను. అక్కడ మిగిలింది పేరు మాత్రమే, 1883 నాటి చెక్క కాదు. ఇండియానాలోనే బ్రిడ్జ్‌టన్ వంతెనను 2005లో కాల్చేస్తే, మరుసటి ఏడాదికల్లా ఊరివాళ్ళు విరాళాలతో, సొంత చేతులతో కట్టుకున్నారు. కావాలనుకున్నవాళ్ళు కట్టుకుంటారు, అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ గొప్ప. ప్రభుత్వం పని అంతకు ముందే, అంటే నిప్పు పడకముందే ఉంది. 1998 చట్టం ఈ సంగతి గుర్తించింది కూడా. మంటను పసిగట్టే పరికరాలకు, నీళ్ళు చిమ్మే గొట్టాలకు ఆ డబ్బు వాడవచ్చని రాసింది.

నాకు అసలు మింగుడుపడనిది ఇది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది. న్యూయార్క్‌లో స్కోహరీ వాగు మీద 1855 నాటి బ్లెన్‌హైమ్ వంతెన ఉండేది. నికొలస్ పవర్స్ కట్టాడు. నడుమ ఆధారం లేకుండా 210 అడుగుల దూరం దాటింది. పరంజా తీసే రోజున, పడితే దానితోపాటే పోతానని ఆయన కప్పు మీదెక్కి కూర్చున్నాడని కథ చెప్పుకుంటారు. 156 ఏళ్ళు నిలబడి, ఆ ఒక్క రోజు కొట్టుకుపోయింది. అదే రోజు వెర్మాంట్‌లో 1870 నాటి బార్టన్స్‌విల్ వంతెన వంగి, తేలి, నదిలో పడిపోతుంటే ఒకామె వీడియో తీసింది. చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. బార్టన్స్‌విల్ 2013 జనవరికల్లా మళ్ళీ లేచింది. ఊరికి రోజూ కావాల్సిన దారి అది. బ్లెన్‌హైమ్ 1930ల నుంచే వాహనాలు లేని వంతెన. కేంద్ర విపత్తుల సంస్థ మొదట డబ్బివ్వనంది. అప్పీళ్ళు నడిచాయి. చివరికి ఇచ్చింది. 2018లో పాతదానికన్నా ఎత్తులో, కొత్త చెక్కతో, పోయినదాని పోలికలతో కొత్తది నిలిపారు.

కొత్తది అందంగానే ఉంది. కానీ దానికైన మిలియన్ల డాలర్లతో ఎన్ని వంతెనల కప్పులు మార్చవచ్చో లెక్క వేసుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కూలిపోతే డబ్బుకు ఒక దారి ఉంది: విపత్తు, ప్రకటన, సంస్థ, ఫారం, అప్పీలు. కూలకుండా ఉంచడానికి అడిగితే దారే లేదు. షింగిళ్ళ మార్పు వార్త కాదు, దానికి రిబ్బన్ కత్తిరించే నాయకుడు లేడు. ఈ మాట అన్నప్పుడు నాన్న నవ్వారు. ఆయన అనుభవమూ అదేనట. కల్వర్టు కూలితే వారంలో అంచనా మంజూరయ్యేది. దాని మూతి దగ్గర పూడిక తీయించడానికి రెండు వేలు అడిగితే ఫైలు తిరిగి వచ్చేది. మా రాజమండ్రిలో హేవ్‌లాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసింది. అప్పటి నుంచి గోదావరి మీద ఊరికే నిలబడి ఉంది. దాన్ని ఏదో చేస్తామన్న ప్రకటనలు విని విని నాన్నకు నవ్వడం అలవాటైంది.

అందుకే నా వాదన కప్పు వంతెనలకు ఎక్కువ డబ్బివ్వాలని కాదు. కూలకముందు ఇవ్వాలని. మళ్ళీ వాటికంటూ డబ్బు కేటాయిస్తే అందులో సగాన్ని పోటీలు, భారీ దరఖాస్తులు లేకుండా ఏటా చిన్న మొత్తాలుగా పంచండి. కప్పు, గోడపలకలు, దూలం చివరలు రాతి కట్టడం మీద ఆనే చోట పేరుకునే మట్టిని తీసే పని, నిప్పును పసిగట్టే పరికరాలు, వీటికే. మట్టి తీయడం నలుగురు మనుషులు పార పట్టుకుని ఒక పూట చేసే పని. చేయకపోతే ఆ మట్టి తడిని పట్టి ఉంచుతుంది, దూలం కొస కుళ్ళుతుంది, ఇరవై ఏళ్ళ తర్వాత క్రేను వస్తుంది. లారీలను కూడా మర్చిపోవద్దు. వెర్మాంట్‌లో లిండన్ అనే ఊళ్ళో మిల్లర్స్ రన్ వంతెనను, ఫోను చూపించిన దారిని నమ్ముకుని వచ్చే అద్దె లారీలు మళ్ళీ మళ్ళీ గుద్దుతూనే ఉంటాయి. బోర్డులున్నాయి. బోర్డు చదివేవాడు ఫోను చూడడు, ఫోను చూసేవాడు బోర్డు చదవడు.

ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. మంచుబండ్ల కాలంలో ఇక్కడి ఊళ్ళు చలికాలంలో కూలి ఇచ్చి మనుషులను పెట్టుకునేవి, వంతెన లోపల మంచు పరచడానికి. అవును, మంచు తీయడానికి కాదు, పరచడానికి. కప్పు ఉండటం వల్ల లోపల మంచు పడదు, వట్టి చెక్క మీద మంచుబండి జారదు. అందుకని పారలతో బయటి మంచు తెచ్చి లోపల చల్లేవారు. ఊరి ఖాతా పుస్తకాల్లో ఆ కూలి పద్దు ఉండేది. వంతెనను కట్టినవాళ్ళు దాన్ని వాడటానికి ఏటా కొంత ఖర్చవుతుందని తెలిసే కట్టారు.

కార్నిష్ నుంచి తిరుగు ప్రయాణంలో ఇంకో చిన్న కప్పు వంతెన దగ్గర ఆగాం. ఊరి పేరు వద్దు లెండి. నాన్న లోపలికి వెళ్ళగానే పైకి చూశారు. ఒకచోట రెండు షింగిళ్ళు లేవు, ఆకాశం కనిపిస్తోంది. సరిగ్గా దాని కింద అడుగు దూలం మీద నల్లటి మరక. వేలి గోరుతో నొక్కితే దిగింది. నన్ను ఫొటో తీయమన్నారు. ఎవరికి పంపాలో కూడా చెప్పారు, "ఈ ఊరి ఆఫీసుకు." పంపాను. మర్యాదగా జవాబు వచ్చింది. విషయం తమకు తెలుసని, వచ్చే మార్చి సమావేశంలో బడ్జెట్‌కు పెడుతున్నామని.

నాన్న రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆదివారం ఫోను చేస్తే మనవరాలి కబుర్ల తర్వాత ఆయన అడిగేది ఒకటే.

"ఏరా, ఆ కప్పు వేశారా?"

"ఇంకా లేదు నాన్నా. మార్చి మొదటి మంగళవారం ఓటు వేస్తారట."

"మార్చి దాకానా? మంచంతా కరిగి ఆ గాడిలోకే దిగుతుంది కదరా. ఈలోగా ఒక బరకమైనా కప్పమను."